నువ్వు దొంగ తీసుకో

పోయిన వర్షాకాలంలో ఒక ఆదివారం. సత్తెనపల్లిలో మేం ఉండే అద్దె గది. బయట ముసురు పట్టి కదలనివ్వట్లేదు, ఊరెళ్దామనుకున్న వాళ్లం కూడా ఆగిపోయాం. మాలో ముగ్గురు సుగాలీలు, ఒకరు యానాది, అందరికంటే చిన్నోడు ఎరుకల తమ్ముడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట నేర్పిస్తానని మాతో పాటు కాలేజీలో చదివిన స్నేహితుడొకడు వచ్చాడు. తను మన వర్గాల వాడు కాదు. ఆట మొదట్లో ఎవరికి వారు ఒక పాత్రను ఎంచుకోవాలి. యోధుడు, మంత్రగాడు, పూజారి, దొంగ, ఇట్లా చదువుకుంటూ వచ్చి, మా తమ్ముడి దగ్గర ఆగి, "నువ్వు దొంగ తీసుకోరా, నీకు బాగా సెట్ అవుద్ది" అన్నాడు.

నవ్వాడు. తమ్ముడూ నవ్వాడు. మేమూ నవ్వాం, అదే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఆ స్నేహితుడు చెడ్డోడేం కాదు. అంతకుముందు మాతో కలిసి ఒకే కంచంలో తిన్నోడే. ఆ మాట అతని నోట్లోంచి ఆలోచన లేకుండా వచ్చింది. అంత ఆలోచన లేకుండా రావాలంటే దాని వెనకాల ఎంత పాత చరిత్ర ఉండాలి? ఆ రాత్రి నుంచి వెతుక్కుంటూ పోతే రెండు చరిత్రలు దొరికాయి. ఒకటి ఆటది, ఒకటి మనది. రెండూ ఒకదాన్ని ఒకటి ఎరగవు, కానీ ఒకే బడిలో చదువుకున్నట్టుంటాయి. ఈ పోస్టు వాటి గురించే. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు ఆట తెలియని వాళ్లకి. దీనికి బోర్డు ఉండాల్సిన పని లేదు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రగా మాట్లాడతారు. "మీరు కొండ దిగువకి చేరారు, గుహ లోపల మంట వెలుగు కనపడుతోంది, ఏం చేస్తారు?" అని కథ నడిపేవాళ్లు అడుగుతారు. "పాక్కుంటూ వెళ్లి చూస్తా" అంటావు. అది సాధ్యమా కాదా అనేది ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. ప్రతి పాత్రకీ ఆరు గుణాలకి అంకెలుంటాయి: బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ. ఎవరూ ఎవర్నీ ఓడించరు. అందరూ కలిసి ఒక కథలోంచి బతికి బయటపడతారు, లేదా చస్తారు. మన పులి-మేక ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి కదా, అందులో మేక మేకే, పులి పులే. ఇక్కడైతే మేకగా మొదలైనవాడు నాలుగు వారాల తర్వాత ఏమవుతాడో ఎవరికీ తెలీదు.

మా దగ్గర ఇరవై ముఖాల పాచిక లేదు. ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసి తీశాం. ఇది మన పేదరికం తెలివనుకున్నాం గానీ, తర్వాత తెలిసింది, 1979లో అమెరికాలోనే పాచికల కొరత వచ్చి ఆ కంపెనీవాళ్లు ఆట పెట్టెలో అంకెల చీటీలు పెట్టి అమ్మారట.

ఇక పుట్టుక సంగతి. 19వ శతాబ్దం మొదట్లో ప్రష్యా సైన్యాధికారులు బల్ల మీద బొమ్మలు పెట్టి యుద్ధం ప్రాక్టీసు చేసేవాళ్లు. అందులోంచే యుద్ధపు ఆటల సరదా పుట్టింది. 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే కుర్రాడు సైన్యాలకి బదులు ఒక్కొక్కరికి ఒక్కో మనిషి పాత్రనిచ్చి ఆడించాడు. అతని మిత్రుడు డేవ్ ఆర్నెసన్ దాన్ని మంత్రాలు, నేలమాళిగల లోకంలోకి తీసుకుపోయాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో గ్యారీ గైగాక్స్ అనే ఆయన దాన్ని పుస్తకంగా మలిచాడు. ఈయన ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం పోయాక ఇంట్లో బూట్లు బాగుచేసి కుటుంబాన్ని నడిపినవాడు. మన దగ్గరైతే ఆ పని చేసిన చేతులకి పుస్తకం రాసే అవకాశం ఎన్ని తరాలకి వచ్చిందో మనకి తెలుసు. 1974లో మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి వెయ్యి కాపీలు వేశారు, ధర పది డాలర్లు.

ఆ మొదటి పుస్తకాల్లో పాత్రను ఎంచుకోవడమంటే రెండు ఎంపికలు. నువ్వు చేసే పని ఏంటి? నువ్వు పుట్టిన జాతి ఏంటి? మనిషివా, ఎల్ఫ్‌వా, డ్వార్ఫ్ అనే పొట్టి జనం వాడివా, హాబిట్‌వా? మనిషివైతే ఎంత ఎత్తుకైనా ఎదగొచ్చు. డ్వార్ఫ్ యోధుడివైతే ఆరో మెట్టు దగ్గర ఆగిపోవాలి. హాబిట్‌వైతే నాలుగో మెట్టే. ఎంత బాగా ఆడినా, ఎన్ని రాక్షసుల్ని చంపినా, ఆ పైకి లేదు. ఎందుకంటే నీ పుట్టుక అది.

1975లో వచ్చిన అనుబంధ పుస్తకంతో దొంగ అనే పాత్ర చేరింది. తాళాలు తీస్తాడు, గోడలెక్కుతాడు, నీడలో దాక్కుంటాడు. ఇక్కడే మేం పుస్తకం మూసేసి కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మనుషులు కాని జాతుల వాళ్లకి యోధుడిగా పరిమితి, మంత్రగాడిగా పరిమితి ఉంది కదా. దొంగగా మాత్రం లేదు. 1978లో వచ్చిన పెద్ద రూల్ పుస్తకంలో పట్టికే ఉంది. డ్వార్ఫ్, ఎల్ఫ్, నోమ్, హాఫ్లింగ్ (హాబిట్ అనే పేరు మీద గొడవొచ్చి మార్చిన పేరు), వీళ్లంతా దొంగలుగా ఎంత పైకైనా పోవచ్చు. మిగతా ఏ పనిలోనైనా వాళ్ల నెత్తి మీద కప్పు ఉంటుంది. హాఫ్-ఆర్క్ అని ఇంకో జాతి, సగం మనిషి, సగం ఆర్క్. వాడు పూజారిగా నాలుగో మెట్టు దాటలేడు, యోధుడిగా పదో మెట్టు దాటలేడు. డబ్బుకి హత్యలు చేసే హంతకుడిగా మాత్రం అంతే లేదు. అదే పుస్తకంలో ఆడ పాత్రల బలానికి కూడా మగవాళ్ల కంటే తక్కువ హద్దు గీశారు.

1981లో వచ్చిన తేలిక రకం పుస్తకం ఇంకో అడుగు ముందుకేసింది. అందులో ఎల్ఫ్ అంటే జాతీ అదే, వృత్తీ అదే. డ్వార్ఫ్‌కీ అంతే. మనిషికి మాత్రం ఏ పని చేయాలో ఎంచుకునే హక్కుంటుంది. మిగతావాళ్లకి పుట్టుకే పని. విస్కాన్సిన్‌లో కూర్చుని రాసినవాళ్లకి మన దేశం సంగతి తెలిసుండదు. తెలియకుండానే కుల వ్యవస్థని అచ్చు వేసినట్టు రాశారు.

ఇప్పుడు రెండో చరిత్ర.

ఆ ఆట పుట్టడానికి నూరేళ్ల ముందు, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. ఆ చట్టం తెచ్చినవాళ్ల వాదన ఏంటంటే, ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడు అవుతాడు, కాబట్టి దొంగల కులాలు కూడా ఉంటాయి, వాటిలో పుట్టినవాడు దొంగే అవుతాడని. 1981 నాటి ఆట పుస్తకంలో ఎల్ఫ్ ఎలాగో, ఈ చట్టంలో మనోళ్లు అలాగ. తేడా ఏంటంటే అది బల్ల మీద కాగితం, ఇది పోలీసు స్టేషన్‌లో రిజిస్టరు. రెండూ ఒకటేనని మేం అనట్లేదు. ఆటలో పాత్ర చస్తే ఇంకోటి రాసుకుంటాం.

మొదట్లో ఈ చట్టం ఉత్తరాదికే. 1911లో కొత్త చట్టంగా వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. అప్పుడు మన గుంటూరు జిల్లా అందులోనే ఉంది. ఎరుకల వాళ్లని నోటిఫై చేసి పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు దాటాలంటే పాసు, రాత్రి పూట హాజరు. కొన్ని కుటుంబాల్ని కట్టగట్టి సెటిల్మెంట్లలో పెట్టి సాల్వేషన్ ఆర్మీ మిషనరీలకి అప్పజెప్పారు. కృష్ణ ఒడ్డున సీతానగరం అలాంటిదే. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913లో మొదలైంది, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఆ ఊరి పేరు సినిమాల్లో దొంగలకి మారుపేరుగా ఎలా వాడారో చెప్పనక్కర్లేదు. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు కాలేజీ అప్లికేషన్‌లో ఊరి పేరు రాసేటప్పుడు కలం ఎందుకు ఆగుతుందో కూడా చెప్పనక్కర్లేదు.

మరి ఎరుకల వాళ్లు అంతకుముందు ఏం చేసేవాళ్లు? చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ దీని మీద ఒక పుస్తకమే రాశారు, 2001లో వచ్చింది. కోస్తా నుంచి ఉప్పు తీసుకుని పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్లకి మోసేవాళ్లు, అక్కడి నుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. వెదురు బుట్టలు, చాపలు అల్లేవాళ్లు. మా సుగాలీ తాతలదీ అదే బతుకు, ఎద్దుల బిడారు, ఉప్పు, ధాన్యం. ప్రభుత్వం ఉప్పు మీద పన్ను, గుత్తాధిపత్యం పెట్టింది. 19వ శతాబ్దం రెండో సగంలో రైళ్లొచ్చాయి. అడవిలో మేతకీ వెదురుకీ ఆంక్షలొచ్చాయి. మూడు వైపులా దారి మూసేసి, "వీళ్లెందుకు తిరుగుతున్నారు? తప్పకుండా దొంగలే" అన్నారు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టాన్ని 1947లోనే రద్దు చేశారు. దేశమంతటికీ సంబంధించి విచారణ జరిపిన కమిటీకి అధ్యక్షుడు అనంతశయనం అయ్యంగార్, మన చిత్తూరు జిల్లా ఆయనే. 1952 ఆగస్టు 31న చట్టం మొత్తం పోయింది. అందుకే ఆ రోజుని విముక్త దినంగా జరుపుకుంటాం. పోయింది అన్నామా? వెనకే అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి, మద్రాసులో అయితే 1948లోనే. పేరు మారింది, రిజిస్టరు మిగిలింది.

మళ్లీ ఆటకి వద్దాం, ఎందుకంటే అక్కడ కూడా కథ ఆగలేదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఆ కప్పులన్నీ తీసేశారు. ఏ జాతి వాళ్లయినా ఏ పాత్రయినా, ఎంత ఎత్తుకైనా. కానీ హాఫ్-ఆర్క్‌కి తెలివిలో రెండు, ఆకర్షణలో రెండు కోత అలాగే ఉంచారు. ఆర్క్‌లు స్వభావరీత్యా చెడ్డవాళ్లనే రాత కూడా అలాగే ఉంది. 2020 జూన్‌లో, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత రోడ్లన్నీ నిండిపోయిన రోజుల్లో, ఆ ఆట కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది. ఆర్క్‌లనీ, డ్రౌ అనే నల్లని ఎల్ఫ్‌లనీ పుట్టుకతో దుర్మార్గులుగా చూపించిన తీరు నిజ జీవితంలో కొన్ని జాతుల్ని కించపరిచిన తీరులాగే ఉందని ఒప్పుకుంది. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన పుస్తకంతో జాతిని బట్టి వచ్చే అంకెల్ని ఆడేవాళ్లు తమకి నచ్చినట్టు మార్చుకునే వీలొచ్చింది. 2024 పుస్తకంలో 'జాతి' అనే మాటనే తీసేశారు. దీంతో ఆట రుచి పోయిందని గొడవ చేసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల బాధ మాకు పూర్తిగా అర్థం కాలేదని చెప్పాలి. ఎదుటివాడి కప్పు తీసేస్తే నీ ఇల్లు కారదు కదా.

2024 అనగానే ఇంకోటి. ఆ ఏడాది అక్టోబర్ 3న మన సుప్రీంకోర్టు, జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో తీర్పిచ్చింది. జైళ్లలో కులాన్ని బట్టి పని అప్పజెప్పే రూల్స్ చెల్లవంది. వంట ఈ కులం వాళ్లు, మరుగుదొడ్లు ఆ కులం వాళ్లు అని జైలు మాన్యువల్స్‌లో అప్పటిదాకా రాసే ఉంది. విముక్త జాతుల వాళ్లని పుట్టుకని బట్టి అలవాటు నేరస్తులుగా చూడటం కూడా తప్పంది. అంటే బొమ్మల ఆట పుస్తకంలోంచి 'జాతి' అనే మాట, మన జైలు పుస్తకంలోంచి పుట్టుకని బట్టి పని అనే రూలు ఒకే ఏడాది, ఒక నెల అటూఇటూగా పోయాయి. కావాలని కలిపింది కాదు, తేదీలు అలా పడ్డాయి.

ఇంకో ముచ్చట చెప్పకపోతే తమ్ముడు ఒప్పుకోడు. ఈ ఆటలో 1983లో వచ్చిన ఒక సాహసంలో రక్తం తాగే జమీందారు ఉంటాడు. అతని కోట కింద బళ్ల మీద తిరిగే సంచారులు, వాళ్లలో కార్డులేసి జోస్యం చెప్పే ముసలామె. తర్వాతి పుస్తకాల్లో వాళ్లని తాగుబోతులుగా, మోసగాళ్లుగా రాసుకుంటూ పోయారు. యూరప్‌లోని రోమా జనాన్ని చూసి అల్లిన పాత్రలవి. రోమాల భాష మూలం మన దేశంలోనే ఉందని భాషా శాస్త్రజ్ఞులు చెప్తారు. రోమాలు అభ్యంతరం చెప్పాక 2020లో ఆ రాతల్ని సరిదిద్దారు. ఇది చదివి తమ్ముడు, "మా నాయనమ్మే కదా ఇది" అన్నాడు. వాళ్ల నాయనమ్మ సోది చెప్పేది. గద్దె, బుట్ట, చేతిలో పుల్ల.

మన సాహిత్యంలో ఎరుకలసాని వేషం ఎంత పాతదో చూడండి. శ్రీనివాస కల్యాణం కథలో సాక్షాత్తూ వేంకటేశ్వరుడే ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికెళ్లి సోది చెప్తాడు. యక్షగానాల్లో సింగి, సింగడు లేకపోతే నవ్వే లేదు. పగటి వేషగాళ్లు కట్టే వేషాల్లోనూ ఉంది. దేవుడు మన వేషం వేస్తే లీల. రంగస్థల నటుడు వేస్తే కళ. మా తమ్ముడు తన జీవితంలో మొదటిసారి ఇంకొకరి వేషం వెయ్యబోతే, "నువ్వు నీదే వేసుకో" అన్నారు. ఆ రోజు గుచ్చుకున్నది ఇదని మాకు చాలా రోజులకి గానీ అర్థం కాలేదు.

ఆ రోజు తమ్ముడు దొంగ తీసుకోలేదు. మంత్రగాడిని తీసుకున్నాడు. పేరు తనే పెట్టుకున్నాడు, తెలివికి పద్దెనిమిది పడింది. రెండో ఆదివారం ఒక గాబ్లిన్ బాణానికి చచ్చాడు. మొదటి మెట్టులో మంత్రగాడికి ప్రాణం పిసరంతే ఉంటుంది, అది మాకు ఎవరూ చెప్పలేదు.

పాత్ర సంగతి ఇలా ఉంటే, సాహసం నడపడంలో ఇంకో చిక్కు వచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం గైగాక్స్ రాసిన ఒక సాహసం 1979 చివర్లో అచ్చయింది, నేర్చుకునే పెట్టెలోనే పెట్టి అమ్మేవాళ్లు కాబట్టి లెక్కలేనంత మంది దాంతోనే మొదలుపెట్టారు. కథ ఏంటంటే, రాజ్యం సరిహద్దులో ఒక కోట. కోటలో మంచివాళ్లు. దగ్గర్లో అడవి, అడవిలో లోయ, లోయలో గుహలు. గుహల్లో ఆర్క్ తెగలు, గాబ్లిన్ తెగలు, కోబాల్డ్ తెగలు. కోటలోంచి బయల్దేరి, గుహల్లోకి వెళ్లి, వాళ్లని చంపి, వాళ్ల సొమ్ము తెచ్చుకోవాలి. ఆ గుహల్లో ఆడవాళ్లు ఇంతమంది, పిల్లలు ఇంతమంది అని లెక్కలు కూడా రాసిపెట్టాడు. వాళ్లని ఏం చేయాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలి.

మా స్నేహితుడు ఉత్సాహంగా చదువుతున్నాడు. 'తెగ' అనే మాట వచ్చినప్పుడల్లా మేం ఉలిక్కిపడుతున్నాం. ఎస్టీ సర్టిఫికెట్ మీద ఉండేది కూడా ఆ ఇంగ్లీషు మాటే కదా. చివరికి మా యానాది మిత్రుడు, మామూలుగా నోరెత్తనివాడు, "ఇది మన ఇల్లు కదన్నా, మనమే వెళ్లి మనల్ని కొట్టుకోవడమేంది?" అన్నాడు.

అప్పుడు ఆట తిప్పేశాం. అవే గుహలు, అదే కోట. పాత్రలు మాత్రం గుహల్లోని వాళ్లు. కోటలోంచి వచ్చేవాళ్లు మేతకి పన్ను అడుగుతారు. ఈ ఊహకి మేం దూరం పోనక్కర్లేదు. 1921-22లో పల్నాడు అడవుల్లో పశువుల మేతకి పుల్లరి పన్ను కట్టమని అధికారులు పీడిస్తే జనం ఎదురుతిరిగారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయింది 1922 ఫిబ్రవరిలో. మా కథలో పుల్లరి వసూలుకొచ్చిన వాడి పాత్రని నేర్పడానికొచ్చిన స్నేహితుడికే ఇచ్చాం. పగతో కాదు. మేం అనుకున్నదానికంటే బాగా చేశాడు, దబాయించాడు, మధ్యలో ఆగి "ఇట్లా మాట్లాడితే నాకే ఏదోలా ఉందిరా" అన్నాడు. మొదటి రోజు అన్న మాట గురించి మాట్లాడుకున్నది కూడా ఆ రాత్రే. అతను క్షమించమని అడిగాడా అంటే, అడగలేదు. చాలాసేపు చీటీలు మడతపెడుతూ కూర్చున్నాడు.

ఈ ఆట పరాయిదని కొట్టిపారేసే మన అన్నలు ఉంటారు, వాళ్ల కోసం ఒక మాట. తలా ఒక పాత్రతో కలిసి సాహసానికి పోవడం పల్నాడుకి కొత్త కాదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం కథలో బాలచంద్రుడు ఒంటరిగా కారంపూడికి పోడు. వెంట రకరకాల కులాల తమ్ముళ్లుంటారు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లని ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన భోజనమే చాపకూడు. మాల కన్నమదాసు ఆయన సేనాని. కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ కథని జరిపిస్తారు. వీరుల ఆయుధాల్ని వంశపారంపర్యంగా మోస్తారు, కత్తి పట్టినవాడికి వీరుడు పూనతాడు. ఇంతకంటే లోతుగా పాత్రలోకి పోయే ఆట లోకంలో ఏదుంది? అయినా ఒక్కటి గమనించాం. కులం గీత చెరిపిన ఆ కథలో కూడా బాలచంద్రుడి తమ్ముళ్లని ఇప్పటికీ వాళ్ల కులవృత్తి పేరు ముందు పెట్టే గుర్తు చేసుకుంటాం. ఏ ఆయుధం ఎవరు మోయాలో కూడా పుట్టుకే చెప్తుంది. మా గదిలో చీటీల గ్లాసుకి ఆ సంగతి తెలీదు. దానికి తెలిసిందల్లా ఒకటి నుంచి ఇరవై.

వేరే దేశాల్లో మనలాంటి వాళ్లు ఏం చేస్తున్నారని చూస్తే, కాయోటీ అండ్ క్రో అనే ఆట కనపడింది. దాన్ని తయారుచేసిన జట్టుని నడిపిన కానర్ అలెగ్జాండర్ చెరోకీ నేషన్ పౌరుడు. అమెరికా ఖండాల్లోకి తెల్లవాళ్లు ఎన్నడూ వచ్చి ఆక్రమించకపోయి ఉంటే అక్కడి ఆదివాసుల భవిష్యత్తు ఎలా ఉండేదో, ఆ లోకంలో జరిగే ఆట అది. 2021లో చందాలు అడిగితే పది లక్షల డాలర్లు దాటి వచ్చాయి. ఆదివాసులైన ఆటగాళ్లకి, కానివాళ్లకి విడివిడిగా సూచనలు రాశారు. మేం ఇంకా ఆడలేదు, పుస్తకం ఖరీదు ఎక్కువ.

పైసా ఖర్చు లేనిది ఒకటుంది. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కంపెనీ తన పాత లైసెన్సు మార్చాలని చూస్తే లోకమంతా ఆటగాళ్లు తిరగబడ్డారు. కంపెనీ వెనక్కి తగ్గి, ఆట మూల రూల్స్‌ని క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. అంటే వాళ్ల పేరు చెప్పి, ఎవరైనా, ఏ భాషలోకైనా మార్చుకోవచ్చు. మేం తెలుగులో పాత్రల కాగితం ఒకటి తయారుచేసుకున్నాం, ఏ4లో సగం. గోర్ బోలీలో ఒకటి చెయ్యాలని మాలో ఇద్దరు కూర్చున్నారు, 'ఆకర్షణ' అనే గుణానికి ఏ మాట పెట్టాలో తేలక పది రోజులుగా కొట్టుకుంటున్నారు. పెద్దవాళ్లెవరైనా ఉంటే కామెంట్‌లో చెప్పండి.

ఇప్పుడు ఆడుతున్నది మా గదికి వచ్చిపోయే అక్క నడుపుతున్న కథ. గుంటూరులో ఎమ్మే చదువుతోంది, మాది ఒకే తండా. చినగంజాం ఉప్పు కొటార్ల దగ్గర మొదలు. ఎద్దుల బిడారు కట్టుకుని, మైదానం దాటి, నల్లమల అంచు దాకా ఉప్పు చేర్చాలి. పాత్రల్లో బిడారు నాయక్ ఉంది (అమ్మాయే), దారులన్నీ పాటలో గుర్తుపెట్టుకునే ముసలాయన ఉన్నాడు, పాము కాటుకి ఆకు తెలిసిన యానాది మందుల మనిషి ఉన్నాడు. దారిలో సుంకం చౌకీలు, ఎండిపోయిన చెరువు, పేర్లు రాసుకునే పటేలు. రాక్షసులు లేరు. కథ నడపడంలో అక్క పెట్టుకున్న రూలు ఒకటే, ఎవరి పాత్ర ఏంటో ఆమె చెప్పదు, అడుగుతుంది.

తమ్ముడు ఈసారి తాళాలు తీసేవాణ్ణే తీసుకున్నాడు. మేం ఏదో అనబోతే, "చౌకీలో తాళం తీసేవాడు లేకపోతే ఉప్పెట్లా బయటికొస్తుందన్నా?" అన్నాడు. నిజమే, మూడో ఆదివారం రాత్రి ఆ తాళం తీసింది తనే, చీటీ మీద పంతొమ్మిది.

ఆ తర్వాతి ఆదివారం అక్క రైలుని తెచ్చింది. బిడారు ఆగి చూస్తోంది, కొత్తగా వేసిన పట్టాల మీద పెట్టెల నిండా ఉప్పు వెళ్లిపోతోంది, వీళ్లు నెల రోజుల్లో మోసేది పూటలో. దాని మీద బాణం వెయ్యలేం, మంత్రం పనిచెయ్యదు, తాళం లేదు. "ఏం చేస్తారు?" అంది అక్క. గ్లాసు మధ్యలో ఉంది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. కరెంటు పోయే దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం, తేలలేదు. వచ్చే వారం మళ్లీ అక్కణ్ణుంచే.